ఐదేళ్లు దాటేసిన ఆట, ఆ ఐదేళ్లను రాసిన కామిక్: ‘ఇన్‌జస్టిస్’ సమీక్ష

సూపర్‌మ్యాన్ నియంతగా మారితే ఏం జరుగుతుందన్న ఊహ మీద నిర్మించిన ‘ఇన్‌జస్టిస్: గాడ్స్ అమాంగ్ అస్’ అనే ఫైటింగ్ గేమ్ 2013 ఏప్రిల్‌లో విడుదలైంది. ‘మోర్టల్ కాంబాట్’ ఆటలతో పేరు తెచ్చుకున్న నెదర్‌రెల్మ్ స్టూడియోస్, ఎడ్ బూన్ నాయకత్వంలో దీన్ని రూపొందించింది. ఆటకు పూర్వకథ చెప్పడానికి అదే ఏడాది జనవరిలో ఒక డిజిటల్ కామిక్ మొదలైంది; దాన్ని టామ్ టేలర్ రాశాడు. ఆటను అమ్మడానికి పుట్టిన ఇలాంటి కామిక్‌లను సాధారణంగా ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోవలసిన అవసరమూ పెద్దగా ఉండదు. ఇక్కడ మాత్రం ప్రచారం కోసం రాసినది అసలు సరుకును మించిపోయింది. ఒకే కథ, అవే పాత్రలు, అదే పతనం. అయినా ఆటలోని సూపర్‌మ్యాన్ నిరాశపరుస్తాడు, కామిక్‌లోని సూపర్‌మ్యాన్ పుస్తకం మూశాక కూడా మనసులో మెదులుతూనే ఉంటాడు. వీరులు దుష్టులుగా మారే కథలు అభిమానులను అంత తరచుగా ఎందుకు నొప్పిస్తాయో తెలుసుకోవడానికి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం కంటే సులువైన మార్గం నాకు కనిపించలేదు. అందువల్ల ఈ సమీక్ష రెండింటి మీదా.

అభిమానుల నిరాశకు సాధారణంగా చెప్పే కారణం ఒకటుంది: తమ ఆరాధ్య వీరుడికి మచ్చ అంటడాన్ని వాళ్లు భరించలేరట. ఈ వాదన నిలబడదు. మార్క్ వెయిడ్ 2009 నుంచి 2012 దాకా రాసిన ‘ఇర్రిడీమబుల్’లో ప్లూటోనియన్ అనే మహావీరుడు తాను కాపాడుతూ వచ్చిన నగరాన్నే నాశనం చేస్తాడు, ఆ కథను పాఠకులు ఆదరించారు. ‘ఇన్‌విన్సిబుల్’లో వీరుడిగా పేరున్న ఓమ్నీ-మ్యాన్ నిజస్వరూపం బయటపడిన ఘట్టాన్ని ఎవరూ ద్రోహంగా చెప్పుకోరు, గొప్ప మలుపుగానే చెప్పుకుంటారు. అంతెందుకు, 1938లో సూపర్‌మ్యాన్‌ను లోకానికి పరిచయం చేసిన జెర్రీ సీగెల్, జో షూస్టర్‌లు 1933లో ఇంచుమించు అదే పేరుతో వెలువరించిన తొలి కథలో సూపర్‌మ్యాన్ దుర్మార్గుడు, మనోశక్తులతో లోకాన్ని ఏలాలనుకున్నవాడు. అంటే ఈ ఊహ సూపర్‌మ్యాన్ కంటే పాతది. అభిమానులు చెడుకు భయపడేవాళ్లు కారు. వాళ్లు అడిగేది ఒక్కటే: ఈ చెడిపోయినవాడు మాకు తెలిసిన మనిషేనా? అతడే అయితే ఏ క్షణాన, ఏ నిర్ణయంతో చెడిపోయాడు? ఆ నిర్ణయాన్ని దాచిపెట్టి ఫలితాన్ని మాత్రమే ముందుంచే కథను వాళ్లు నమ్మరు. నమ్మనవసరం లేదు కూడా.

ఆట సరిగ్గా ఆ పనే చేస్తుంది. జోకర్ పన్నిన కుట్రలో, మతి భ్రమింపజేసే విషప్రభావంలో, సూపర్‌మ్యాన్ గర్భవతి అయిన తన భార్య లోయిస్ లేన్‌ను తన చేతులతోనే చంపుకుంటాడు. ఆమె గుండె ఆగిన వెంటనే అణుబాంబు పేలి మెట్రోపొలిస్ నగరం తుడిచిపెట్టుకుపోతుంది. బ్యాట్‌మ్యాన్ జోకర్‌ను ప్రశ్నిస్తుండగా సూపర్‌మ్యాన్ గోడ బద్దలుకొట్టుకుని వచ్చి జోకర్ ఛాతీలోకి చెయ్యి దూర్చి చంపేస్తాడు. ఆట ప్రారంభంలో ఇంత బలమైన దృశ్యం చూపించి, ఆ తర్వాత కథ మరో విశ్వంలోకి, అంటే మనకు తెలిసిన మామూలు వీరులున్న లోకంలోకి దూకుతుంది. అక్కడి నుంచి కొందరు వీరులు ఈ చెడిపోయిన లోకంలోకి వచ్చిపడేసరికి ఐదేళ్లు గడిచిపోయి ఉంటాయి. సూపర్‌మ్యాన్ అప్పటికే భూమండలాన్ని ఏలుతుంటాడు. సైనికులున్నారు, చెరసాలలున్నాయి, అతడి వెంట సగం మంది పాత మిత్రులున్నారు. దుఃఖంలో మునిగిన ఒక భర్తకూ సింహాసనం మీద కూర్చున్న ఒక నియంతకూ మధ్య ఏం జరిగిందో ఆటలో అక్కడొక మాటగా, ఇక్కడొక మాటగా వినిపిస్తుందే తప్ప కనిపించదు.

ఆటగా చూస్తే ఇది మంచి ఆటే, ఈ మాట మొదటే చెప్పడం న్యాయం. రౌండ్ల పద్ధతి తీసేసి ఒక్కొక్కరికి రెండు ప్రాణరేఖలు ఇవ్వడం, ప్రతి పాత్రకు ఒక ప్రత్యేక శక్తిని ఒకే బటన్‌కు కుదించడం, వేదిక మీద ఉన్న కార్లనూ యంత్రాలనూ ఎత్తి విసరనివ్వడం, ప్రత్యర్థిని ఒక వేదిక నుంచి మరో వేదికలోకి కొట్టి పంపడం, ఇవన్నీ కొత్తవాళ్లను కూడా త్వరగా లోపలికి తీసుకుంటాయి. బ్యాట్‌మ్యాన్‌కు కెవిన్ కాన్‌రాయ్, సూపర్‌మ్యాన్‌కు జార్జ్ న్యూబర్న్ గొంతు ఇవ్వడం వల్ల సంభాషణలకు బరువు వచ్చింది. కథ మధ్యలో వచ్చే బటన్లు నొక్కే చిన్న ఆటలు మాత్రం విసుగు పుట్టిస్తాయి. అయితే ఫైటింగ్ గేమ్‌కు ఒక పుట్టుకతో వచ్చిన అవసరం ఉంది: ప్రతి రెండు మూడు నిమిషాలకు ఎవరో ఒకరు మరొకరిని కొట్టాలి. వీరుడు వీరుడితో తలపడాలంటే సగం మంది వీరులు చెడ్డవాళ్లయి ఉండాలి. అందుకే ఇక్కడ సూపర్‌మ్యాన్ పతనం కథ అడిగినది కాదు, ఆట అడిగినది. వండర్ ఉమన్, సైబోర్గ్, గ్రీన్ లాంటర్న్ అతడి పక్షాన ఎందుకున్నారన్న ప్రశ్నకు ఆట దగ్గర ఉన్న సమాధానం, రెండో వైపు కూడా ఆడడానికి పాత్రలు కావాలి అన్నదే.

ఇలా బయటి అవసరం కోసం వీరుడిని చెడగొట్టడం ఈ ఆటతో మొదలైంది కాదు. ఈ జాతి కథల్లో అభిమానుల కోపానికి మారుపేరుగా నిలిచిపోయింది 1994లో గ్రీన్ లాంటర్న్ పత్రికలో వచ్చిన ‘ఎమరాల్డ్ ట్వైలైట్’. అంతకుముందు ఏడాది కోస్ట్ సిటీ అనే నగరం సర్వనాశనమై, శక్తి ఉంగరంతో పోరాడే గ్రీన్ లాంటర్న్ హాల్ జోర్డాన్ తన వాళ్లందరినీ పోగొట్టుకున్నాడు. అక్కడి దాకా అది గొప్ప విషాదానికి తగిన నేల. ఉంగరం శక్తితో నగరాన్ని ఊహలో తిరిగి నిలబెట్టుకునే ప్రయత్నం, దాన్ని తప్పుపట్టిన, లాంటర్న్‌ల దళాన్ని నడిపే గార్డియన్ల మీద అతడి ఆగ్రహం, ఇవి కూడా మనిషికి సహజమైనవే. కానీ ఆ తర్వాత హాల్ తన తోటి లాంటర్న్‌లను ఒక్కొక్కరిగా ఓడించి ఉంగరాలు లాక్కుంటూ, కిలోవాగ్ వంటి మిత్రుడిని సైతం చంపి, ఆ దళాన్నే అంతం చేయడం 48 నుంచి 50 వరకు కేవలం మూడు సంచికల్లో జరిగిపోయింది. ముందు అనుకున్న కథను సంపాదకులు పక్కన పెట్టి, కొత్త గ్రీన్ లాంటర్న్‌ను ప్రవేశపెట్టడం కోసం రాన్ మార్జ్ చేత ఈ కథ రాయించారు. పాత నాయకుడు తప్పుకోవాలి, కొత్తవాడు రావాలి, అది కూడా యాభయ్యో సంచిక నాటికి జరిగిపోవాలి. ముప్పై ఏళ్లకు పైగా భయం ఎరుగని మనిషిగా నిలిచిన పాత్రకు ఆ గడువులో దుఃఖించడానికి కూడా తీరిక దొరకలేదు.

ఆ కోపం ఎంత గట్టిదంటే ‘హీట్’ పేరుతో అభిమానులు ఒక సంఘంగా ఏర్పడి, హాల్‌ను తిరిగి తెమ్మని ఏళ్ల తరబడి పోరాడారు. 1996లో ఆరిపోతున్న సూర్యుడిని వెలిగించి హాల్ ప్రాణత్యాగం చేసినట్టు ఒక కథ వచ్చింది. 1999లో అతడిని స్పెక్టర్ అనే దైవశక్తిగా మార్చారు. చివరకు 2004లో మొదలైన ‘గ్రీన్ లాంటర్న్: రీబర్త్’లో జెఫ్ జాన్స్ అసలు చిక్కునే విప్పేశాడు: తప్పు చేసింది హాల్ కాదు, అతడిలో దూరిన పారలాక్స్ అనే భయపిశాచం. అభిమానుల్లో చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. నాకు ఆ కథ చదవడానికి బాగానే ఉంటుంది గాని, ఆ పరిష్కారం మాత్రం మింగుడుపడదు. పదేళ్లపాటు హాల్ మోసిన అపరాధం, ఆ అపరాధం కోసం చేసిన త్యాగం, అన్నీ ఒక్క దెబ్బతో అర్థం లేనివైపోయాయి. మొదటి కథ నిర్ణయాన్ని సరిగ్గా చూపించలేదు. రెండోది నిర్ణయమే లేదంది. పతన కథలకు పట్టే రెండు రోగాలూ ఒకే పాత్రకు పట్టిన అరుదైన ఉదాహరణ ఇది.

కెప్టెన్ అమెరికా విషయంలో ఈ రెండో రోగమే మొదట వచ్చింది. 2016 మేలో నిక్ స్పెన్సర్ రచనలో మొదలైన కొత్త పత్రిక తొలి సంచిక చివర, కెప్టెన్ అమెరికా అయిన స్టీవ్ రోజర్స్ తాను హైడ్రా అనే దుష్ట సంస్థ మనిషినని ప్రకటిస్తాడు. జో సైమన్, జాక్ కిర్బీ అనే ఇద్దరు యూదు యువకులు సృష్టించిన పాత్ర అది. 1941 మార్చి తేదీతో వచ్చిన తొలి సంచిక ముఖచిత్రం మీదే హిట్లర్‌ను కొట్టిన వీరుడు అతడు. అలాంటివాడి నోట నాజీల నీడలో పెరిగిన సంస్థకు జేజేలు పలికించినప్పుడు వచ్చిన కోపాన్ని అతిగా చూడకూడదు. ఇతడు నకలు కాదు, వేషధారి కాదు, అసలు స్టీవ్ అన్న హామీతో కథ ప్రచారమైంది. మరుసటి నెల సంచికలోనే అసలు సంగతి తెలిసింది: వాస్తవాన్ని మార్చగల కాస్మిక్ క్యూబ్ కోబిక్ అనే చిన్నపిల్ల రూపం ధరించి, స్టీవ్ పాత శత్రువు రెడ్ స్కల్ ప్రభావంలో స్టీవ్ గతాన్నే తిరగరాసింది. 2017లో ‘సీక్రెట్ ఎంపైర్’ ముగింపులో పాత స్టీవ్ తిరిగి వచ్చి ఈ స్టీవ్‌ను ఓడిస్తాడు. అంటే మొదట పాఠకుడిని గాయపరచారు, తర్వాత ఆ గాయానికి కారణమే లేదన్నారు. ఒక దేశభక్తుడు నియంతృత్వం వైపు ఎలా జారతాడన్నది ఆ కాలంలో అడగదగిన ప్రశ్న. గతాన్ని మంత్రంతో మార్చేసిన తర్వాత ఆ ప్రశ్న అడిగే హక్కు ఆ కథకు లేకుండా పోయింది. చివరకు ఇద్దరు స్టీవ్‌లు కొట్టుకోవడమే మిగిలింది.

అన్నింటికంటే విచిత్రమైనది 1991 నాటి ‘ఆర్మగెడాన్ 2001’. భవిష్యత్తులో మోనార్క్ అనే నియంతగా మారే వీరుడెవరన్న ప్రహేళిక మీద ఆ ఏడాది డీసీ సంస్థ వార్షిక సంచికలన్నీ నడిపించింది. సమాధానం కెప్టెన్ ఆటమ్ అని ముందే బయటకు పొక్కేసరికి, చివరి క్షణంలో హాక్ అనే మరో వీరుడిని ఆ స్థానంలో కూర్చోబెట్టారు. అప్పటిదాకా వేసిన ఆనవాళ్లన్నీ వేరొకరివైపు చూపిస్తున్నా సరే! పతనమయ్యేది ఎవరైనా పరవాలేదనుకుంటే, ఆ పతనం ఎవరిదీ కాకుండా పోతుందని ఇంతకంటే తేటగా చెప్పే ఉదాహరణ లేదు.

ఇప్పుడు ‘ఇన్‌జస్టిస్’ కామిక్ దగ్గరకు వస్తే, టేలర్ ముందున్న చిక్కు చిన్నది కాదు. ఆరంభం ఆట నిర్ణయించింది, ముగింపు ఆట నిర్ణయించింది. ఎవరు బతకాలో, ఎవరు ఏ పక్షాన ఉండాలో కూడా ముందే రాసిపెట్టి ఉంది. అతడి చేతిలో ఉన్నది మధ్యలోని దారి మాత్రమే. ఆ దారినే అతడు కథగా మలిచాడు. తొలి పుటల్లో సూపర్‌మ్యాన్ నిద్రలేచి, పక్కన పడుకున్న లోయిస్ గుండెచప్పుడుతో పాటు మరో చిన్న గుండెచప్పుడు వింటాడు. ఆ సంతోషాన్ని బ్యాట్‌మ్యాన్‌తో పంచుకుంటాడు. ఏం జరగబోతోందో ఆట గురించి విన్న ప్రతి పాఠకుడికీ తెలుసు, అయినా ఆ పుటలు తిప్పడానికి చెయ్యి రాదు. లోయిస్ మరణం, జోకర్ హత్య రెండూ త్వరగానే అయిపోతాయి. తర్వాతి అధ్యాయాలన్నీ ఆట దాటేసిన ప్రశ్న మీదే నడుస్తాయి.

గమనించదగినది ఏమిటంటే జోకర్‌ను చంపడం ఇక్కడ పతనం కాదు. ఆ క్షణంలో సూపర్‌మ్యాన్‌ను తప్పుపట్టే పాఠకులు తక్కువ. టేలర్‌కు అది తెలుసు, ఆ సానుభూతిని వాడుకుంటూనే ఒక్కొక్క మెట్టు కిందికి దింపుతాడు. ముందుగా సూపర్‌మ్యాన్ ప్రపంచమంతా వినేలా యుద్ధాలు ఆపమంటాడు, ఎవరు కాదంటారు? భయపడిన ప్రభుత్వం అతడి పెంపుడు తల్లిదండ్రులను అపహరింపజేస్తుంది; అతడి కోపం మళ్లీ న్యాయమైనదిగానే కనిపిస్తుంది. సముద్రాల మీద హక్కు విషయంలో అట్లాంటిస్ రాజు ఆక్వామ్యాన్‌తో గొడవ వచ్చినప్పుడు, అట్లాంటిస్ నగరాన్ని సముద్రం అడుగు నుంచి పెకలించి సహారా ఎడారిలో పెడతారు. ఇక్కడ మొదటిసారి పాఠకుడు తడబడతాడు, ఎందుకంటే ఆ పని చేసిన చేతులు సూపర్‌మ్యాన్‌వి ఒక్కడివే కావు. ఆ తర్వాత కాలిబాక్ అనే దుష్టుడు మరో గ్రహపు సేనతో భూమి మీదికి దండెత్తుతాడు. ఎన్నడూ ప్రాణం తీయకూడదన్న నియమాన్ని వదిలి సూపర్‌మ్యాన్ ఆ సేనను మొత్తం సంహరిస్తాడు. లోకం అతడికి జేజేలు కొడుతుంది. నా దృష్టిలో మొత్తం కామిక్‌కు ఇదే కీలకం. నియమాన్ని మీరినందుకు శిక్ష పడలేదు, మెప్పు దొరికింది; అంతకుముందు తాను చంపకుండా వదిలిన ప్రతి దుర్మార్గుడి వల్ల పోయిన ప్రాణాలన్నీ తన ఖాతాలోనే ఉన్నాయన్న ఆలోచన ఆ మెప్పుతోనే గట్టిపడుతుంది.

ఇక్కడి నుంచి అతడికి ఎదురుచెప్పినవాళ్లు శత్రువులు కానక్కరలేదు, ఎదురుచెప్పడమే చాలు. ఆస్ట్రేలియాలో తనకు వ్యతిరేకంగా నిలబడిన ఒక కుర్రాడి వెన్ను విరగ్గొడతాడు. ఆ కుర్రాడు చిన్నప్పటి నుంచి సూపర్ హీరో కావాలని కలలు కన్నవాడు. ఆ సంఘటన సూపర్‌మ్యాన్ పక్షాన ఉన్న ఫ్లాష్ అనే వీరుడి మనసులో ముల్లులా దిగబడుతుంది, అయినా అతడు సూపర్‌మ్యాన్‌ను వదిలి పోడు. పాత్రపోషణలో టేలర్ నేర్పు ఇలాంటి చోట్లే తెలుస్తుంది. మంచివాడు చెడ్డవాడి పక్కన ఎందుకు ఉండిపోతాడన్నది, మంచివాడు చెడ్డవాడిగా ఎందుకు మారతాడన్న ప్రశ్న కంటే కష్టమైనది. ఫ్లాష్ రూపంలో దానికి నమ్మదగిన సమాధానం దొరికింది. కామిక్ మొదటి ఏడాది చివర, బ్యాట్‌మ్యాన్ పక్షాన ఉన్న విలుకాడు గ్రీన్ ఆరోను సూపర్‌మ్యాన్ తన తల్లిదండ్రుల కళ్లముందే కొట్టి చంపేనాటికి, ఇదంతా చేస్తున్నది క్లార్క్ కెంట్ కాదు అని తప్పుకోవడానికి పాఠకుడికి దారి లేదు. విషప్రభావం మొదటి అధ్యాయాల్లోనే దిగిపోయింది. ఆ తర్వాతి ప్రతి అడుగూ అతడు తెలిసి వేసినదే.

ఇంత చీకటి కథలో నవ్వు కూడా ఉండడం మరో విశేషం. జోకర్ సహచరి హార్లీ క్విన్‌ను పట్టుకుని దాచిన గ్రీన్ ఆరోకూ ఆమెకూ మధ్య సాగే మాటలు, అతడి రహస్య స్థావరానికి ఏ పేరు బాగుంటుందన్న వాదన వంటివి, తర్వాత రాబోయే మరణానికి బరువు పెంచుతాయి. శక్తినిచ్చే మాత్ర మింగిన, బ్యాట్‌మ్యాన్ ఇంటి ముసలి సేవకుడు ఆల్ఫ్రెడ్ సూపర్‌మ్యాన్‌ను చితకబాదే ఘట్టం చదివి ఈలలు వేయని అభిమాని ఉండడు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, చిన్నవి కూడా కావు. మొదటిది లోయిస్. ఒక మగవాడి దుఃఖానికి ఇంధనంగా ఒక స్త్రీని చంపడం ఈ కామిక్‌లకు పట్టిన పాత జాడ్యం. 1994లోనే గ్రీన్ లాంటర్న్ పత్రికలో నాయకుడి ప్రియురాలిని చంపి రిఫ్రిజరేటర్‌లో కుక్కిన దృశ్యాన్ని ఎత్తిచూపుతూ, 1999లో గెయిల్ సిమోన్ ఇలాంటి స్త్రీ పాత్రల జాబితానే తయారుచేసింది. ప్రపంచంలోకెల్లా పేరున్న విలేఖరి పాత్ర ఇక్కడ ఒక గుండెచప్పుడుగా, తర్వాత ఒక సమాధిగా మిగిలిపోయింది. రెండోది వండర్ ఉమన్. సూపర్‌మ్యాన్ ప్రతి మెట్టు దిగడానికీ కథ అతడికి ఒక కారణం ఇచ్చింది. ఆమెకు మాత్రం అతడి మీద మమకారం, యుద్ధం మీద మోజు తప్ప మరేమీ ఇవ్వలేదు. పైగా చాలాచోట్ల అతడిని ఉసిగొలిపే పని ఆమెకు అప్పగించింది. సూపర్‌మ్యాన్ తప్పులో కొంత భాగాన్ని ఆమె నెత్తిన వేసి అతడిని తేలిక చేసినట్టు అనిపిస్తుంది. ఆమె అభిమానులు ఈ కామిక్‌ను ఇష్టపడకపోతే వాళ్లను తప్పుపట్టలేను. మూడోది చిత్రకళ. జెరెమీ రాపాక్, మైక్ మిల్లర్, బ్రూనో రెడోండో మొదలైనవారు పంచుకుని గీయడం వల్ల ఒక అధ్యాయంలో ఉన్న ముఖం మరో అధ్యాయంలో ఉండదు.

రెండో సంవత్సరం నుంచి కామిక్ కూడా ఆట అవసరానికి లొంగడం మొదలైంది. ఐదేళ్లు నింపాలి కాబట్టి రెండో ఏడు గ్రీన్ లాంటర్న్‌లకు, మూడో ఏడు మాంత్రికులకు, నాలుగో ఏడు గ్రీకు దేవతలకు కేటాయించారు. మధ్యలో టేలర్ తప్పుకోగా బ్రయాన్ బుచెల్లాటో కొనసాగించాడు. గ్రీన్ లాంటర్న్‌ల శత్రువు సినెస్ట్రో సూపర్‌మ్యాన్‌కు దగ్గరై, తానూ ఒకప్పుడు లోకానికి శాంతి తెచ్చే పేరుతో నియంతనయ్యానని అతడిని తన దారికి తిప్పుకునే భాగం వరకు రెండో ఏడు బాగుంటుంది. తర్వాత మాత్రం కొత్తగా దిగే నిర్ణయం ఏదీ మిగలదు. అప్పటికే దుష్టుడైన మనిషి మరికొందరిని చంపుతుంటాడు, అంతే.

మళ్లీ ఆటకు, దాని ముగింపుకు వస్తాను, ఎందుకంటే అసలు నిరాశ అక్కడుంది. నగరాలను నాశనం చేయాలన్న ఆలోచనను ప్రశ్నించినందుకు పిల్లవాడి మనసున్న షాజామ్‌ను సూపర్‌మ్యాన్ చంపడం, ఫ్లాష్ చివరకు తిరగబడడం వంటి బలమైన దృశ్యాలు ఆటలోనూ ఉన్నాయి. కానీ కథను ముడివిప్పడానికి రచయితలు మరో విశ్వం నుంచి మంచి సూపర్‌మ్యాన్‌ను పిలిపిస్తారు. అతడు చెడ్డ సూపర్‌మ్యాన్‌ను కొట్టి ఓడిస్తాడు. అభిమాని పొందే ఊరట నిజమే; మన సూపర్‌మ్యాన్ ఎప్పటికీ మన సూపర్‌మ్యానే. అయితే ఈ ఊరట ప్రశ్నకు జవాబు కాదు. మంచి సూపర్‌మ్యాన్ భార్య బతికే ఉంది, అతడి నగరం నిలిచే ఉంది. అతడు ఆ పరీక్ష రాయకుండానే ఉత్తీర్ణుడయ్యాడు. ఇద్దరి మధ్య తేడా గుణంలో ఉందా, అదృష్టంలో ఉందా అన్నది ఆట తేల్చదు, తేల్చాలని అనుకోదు కూడా. ‘సీక్రెట్ ఎంపైర్’ నాలుగేళ్ల తర్వాత అదే మార్గం పట్టడం యాదృచ్ఛికం కాదు. ఈ పాత్రలు సంస్థల ఆస్తులు. బొమ్మల మీద, దుస్తుల మీద, సినిమాల్లో వాటి ముఖం నిర్మలంగా ఉండాలి. అందుకని వీరుడు పడిపోయిన ప్రతిసారీ, పడింది అతడు కాదనడానికి ఒక పరాన్నజీవినో, ఒక క్యూబ్‌నో, ఒక పక్క విశ్వాన్నో సిద్ధంగా ఉంచుకుంటారు. అనుభవజ్ఞుడైన పాఠకుడికి మొదటి పుటలోనే ఆ తలుపు కనిపిస్తుంది.

ఆ తలుపును ఒకసారి మూసిన సంపాదకుడు కూడా ఉన్నాడన్నది మరచిపోకూడదు. 1980లో క్రిస్ క్లేర్‌మాంట్, జాన్ బర్న్ నడిపిన ‘డార్క్ ఫీనిక్స్’ కథలో ఎక్స్-మెన్ వీరురాలు జీన్ గ్రే ఒక సూర్యుడిని మింగి ఐదు వందల కోట్ల ప్రాణులను చంపుతుంది. శక్తులు పోగొట్టి ఆమెను బతికించాలన్నది మొదటి ఆలోచన. అంత మందిని చంపిన తర్వాత ఆ శిక్ష చాలదని ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ పట్టుబట్టగా, జీన్ ప్రాణత్యాగం చేసేలా ముగింపు మార్చారు. ఆ కథ నేటికీ ఈ కోవలో మేటిగా నిలబడడానికి ఆ పట్టుదలే ముఖ్య కారణమని నేను నమ్ముతాను. అదే సంస్థ 1986లో అసలు జీన్ సముద్రం అడుగున క్షేమంగా నిద్రపోతోందని, పాపం చేసింది ఆమె రూపం ధరించిన ఫీనిక్స్ శక్తి అని చెప్పి మొదటిదాన్ని బలహీనపరచింది. 2006లో, 2019లో సినిమాలుగా తీసినప్పుడు, నెలల తరబడి సాగిన ఆ జారుడును రెండు గంటల్లో కుదించబోయి రెండుసార్లూ దెబ్బతిన్నారు. 2022 నాటి ‘డాక్టర్ స్ట్రేంజ్’ చిత్రంలో వాండా అనే మంత్రశక్తి గల వీరురాలి విషయంలోనూ జరిగింది ఇదే: ముందటి ఏడాది తొమ్మిది భాగాల ధారావాహికలో తన తప్పు తెలుసుకున్న తల్లి, ఒక మంత్రగ్రంథం చదివిన కారణంగా సినిమా మొదట్లోనే హంతకిగా ప్రత్యక్షమవుతుంది. ఆ చదివిన రోజులే మనకు కావలసినవి.

‘ఇన్‌జస్టిస్’ను 2021లో యానిమేషన్ చిత్రంగానూ తీశారు. గంటన్నర కూడా లేని నిడివిలో కామిక్ ఏడాదినీ ఆట ముగింపునూ కలిపి ఇరికించడం వల్ల, ఏ ఘట్టానికీ ఊపిరి లేదు. చూడకపోయినా నష్టం లేదు. 2017 నాటి ‘ఇన్‌జస్టిస్ 2’ ఆటగా మొదటిదాని కంటే ఎంతో మెరుగు, ముఖకవళికల చిత్రణ అప్పటి ఫైటింగ్ గేమ్‌లలో సాటిలేనిది. ఖైదులో ఉన్న సూపర్‌మ్యాన్‌ను బ్రెయినియాక్ అనే గ్రహాంతర శత్రువు దండయాత్ర సమయంలో విడిపించడం, చివర బ్యాట్‌మ్యాన్ పక్షమో సూపర్‌మ్యాన్ పక్షమో ఎంచుకోమని ఆడేవాడినే అడగడం మంచి ఆలోచనలు. నిర్ణయాన్ని రచయిత చూపించలేకపోతే ఆటగాడి చేతికివ్వడం కూడా ఒక దారే. అయితే సూపర్‌మ్యాన్‌ను ఎంచుకుంటే వచ్చే ముగింపులో అతడు పాత మిత్రుడు బ్యాట్‌మ్యాన్ మనసునే యంత్రంతో బానిసగా మారుస్తాడు. రెండు ఆటలపాటు అతడి వాదనలో కొంత నిజముందేమోనని ఊగిసలాడిన ఆటగాడికి, తప్పు పక్షం ఎంచుకున్నావని చివర్లో వేలు చూపించినట్టు ఉంటుంది.

కొనదలచుకున్నవాళ్లకు నా సలహా ఇది. మొదటి ఏడాది కామిక్‌ను తీసుకోండి. పన్నెండు ముద్రిత సంచికల ఆ భాగం పూర్తి సంపుటిగా దొరుకుతుంది, దానికి ముందు మరేదీ చదివి ఉండనక్కరలేదు. రెండో ఏడాది సినెస్ట్రో కోసం చదవవచ్చు, మూడో ఏడాది నుంచి సీరియల్ అలవాటున్నవాళ్లకే. స్నేహితులతో కూర్చుని ఆడుకోవడానికైతే రెండో ఆట కొనండి. మొదటి ఆట కథ తెలుసుకోవాలనుకునేవాళ్లు కామిక్ మొదటి ఏడాది పూర్తిచేశాకే దాన్ని మొదలుపెట్టడం మేలు. అప్పుడు షాజామ్ మరణం దగ్గర ఫ్లాష్ ముఖంలో కనిపించే మార్పుకు ఆట చెప్పని కారణం మీకు ముందే తెలిసి ఉంటుంది.